‘ఇంకా ఒక్క నిమిషం’ గారికి వీడ్కోలు లేఖ

పెదవాల్తేరు, విశాఖపట్నం,
మంగళవారం రాత్రి.

మహారాజశ్రీ మా ఇంటి ఫుల్లీ ఆటోమేటిక్ ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా పెద్దలు నేర్పిన మర్యాద. కాని మీ లోపలి సర్క్యూట్ బోర్డు పోయిందని నిన్న సాయంత్రం తేలింది, నా ఓపిక అంతకు రెండు రోజుల ముందే పోయింది; కాబట్టి ఉభయుల్లో ఎవరికీ కుశలం లేదని విన్నవించుకుంటూ నేరుగా విషయానికి వస్తున్నాను. రేపు ఉదయం పది గంటలకు ద్వారకానగర్ దుకాణం నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, కొత్త మెషీన్‌ను దించి, ఎక్స్చేంజ్ కింద మిమ్మల్ని తీసుకువెళతారు. మీకు వాళ్ళు ఎంత వెల కట్టారో చెప్పి ఈ చివరి రాత్రి మీ మనసు కష్టపెట్టడం నా ఉద్దేశం కాదు. పన్నెండు వందలు.

శనివారం సంగతి మీకు గుర్తుండకపోవచ్చు. ఆ రోజు సాయంత్రం సింహాచలంలో మా పెద్దమ్మ మనవడి పెళ్ళి. ముహూర్తం రాత్రి 7 గంటల 42 నిమిషాలకు. మగపెళ్ళివారి తరఫు మగవాళ్ళందరూ తెల్ల పంచె, తెల్ల చొక్కాలోనే రావాలని వాట్సాప్‌లో తీర్మానం జరిగింది. బీరువాలోంచి తీసిన నా తెల్ల బట్టలకు కలరా ఉండల వాసన కొడుతుండడంతో, ఉదయం 10 గంటల 59 నిమిషాలకు వాటిని, వాటితో పాటు — ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకుంటున్నాను — డబుల్ కాట్ దుప్పటి ఒకదాన్ని మీ నోట పెట్టి తలుపు మూశాను. మీరు రెండు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు పడుతుందని చూపించారు. అంతసేపట్లో ఇక్కడ రత్నాచల్ రైలెక్కిన మనిషి సామర్లకోటలో దిగి టీ కూడా తాగేస్తాడు గదా, ఒక పంచె ఉతకడానికి అంత ప్రయాణం ఎందుకని నేను మిమ్మల్ని అడగలేదు. పెద్దవాళ్ళ పనులకు వేళాపాళా అడగకూడదని ఊరుకున్నాను.

మధ్యాహ్నం 1 గంట 36 నిమిషాలకు మీ ముఖం మీద ‘1’ అనే అంకె వెలిగింది. ఒక్క నిమిషమే గదా అని నేను కుర్చీ తెచ్చుకోలేదు, నిలబడే ఉన్నాను. ఈ వివరాన్ని దయచేసి గమనించండి.

మీ డ్రమ్ము కుడివైపు రెండు చుట్లు తిరిగి ఆగింది. నిద్రపట్టని ముసలాయన మంచం మీద పక్కకు తిరిగినట్టు, కాసేపు ఆలోచించి ఎడమవైపు రెండు చుట్లు తిరిగింది. తరువాత వేగం అందుకోబోయి, మీ ఒళ్ళంతా ఒక్కసారి దడదడమని అదిరి, ఏమీ జరగనట్టు మళ్ళీ ఆగిపోయింది. ఇదంతా ఎందుకో నాకు తెలియనిది కాదు. తడిసిన దుప్పటి చొక్కాను, పంచెను తనలో చుట్టేసుకొని ఒక పెద్ద ముద్దయి ఒకే పక్కకు చేరితే, నిమిషానికి 1200 చుట్లు తిరగడం మీకు క్షేమం కాదు. అందుచేత మీరు మెల్లగా అటూ ఇటూ తిప్పి బట్టలు సర్దుకుంటాయేమో చూస్తారు, సర్దుకోకపోతే కాసిని నీళ్ళు మళ్ళీ తీసుకొని ఇంకోసారి ప్రయత్నిస్తారు. మీ జాగ్రత్తను నేను తప్పుపట్టను. నా అభ్యంతరమల్లా ఆ అంకె మీదనే. ఎంతసేపు పడుతుందో మీకు తెలియదు. తెలియనప్పుడు ఒక గీత గీయవచ్చు, ప్రశ్నార్థకం పెట్టవచ్చు, లేదా దీపం ఆర్పుకొని మౌనంగా ఉండవచ్చు. అవేవీ చేయకుండా ‘ఒకటి’ అని చెప్పమని మిమ్మల్ని ఎవరు బలవంతపెట్టారు?

నిమిషాల విషయంలో మా ఊరివాళ్ళం సత్యహరిశ్చంద్రులమని నేను అనను. గోపాలపట్నంలో అద్దం ముందు ఇంకా తల దువ్వుకుంటున్న పెద్దమనిషి ఫోనులో “మద్దిలపాలెం దాటేశాను, ఐదు నిమిషాల్లో మీ ఇంట్లో ఉంటాను” అంటాడు. కాని ఆ అబద్ధానికి ఒక మర్యాద ఉంది: చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు, విన్నవాడు ఆ లెక్క ప్రకారమే అప్పుడు తీరిగ్గా లేచి బియ్యం కడుగుతాడు. మీరు అలా నోటిమాటగా చెప్పలేదు, అంకె వేసి చెప్పారు. అంకె వేసి చెప్పిన అబద్ధంలోంచి ఎంత తీసివేసుకోవాలో మాకు ఎవరూ నేర్పలేదు. పంచాంగంలో 7 గంటల 42 నిమిషాలని రాసి ఉంటే, ఆ నిమిషానికి జీలకర్ర బెల్లం పెట్టించడానికి పురోహితుడు గడియారం చేతిలో పట్టుకొని కూర్చుంటాడు. అంతంత దూరాన తిరిగే గ్రహాలు మాట తప్పకుండా ఆ లెక్కకు వచ్చి నిలబడతాయి. మా వాష్ ఏరియాలో ఒక మూలన కూర్చున్న మీరు మాత్రం ఆ ఒక్క నిమిషాన్ని తొంభై మూడు నిమిషాలు సాగదీశారు. నేను చూస్తూనే ఉన్నాను. నలభయ్యో నిమిషంలో కుర్చీ తెచ్చుకున్నాను.

ఎదురింటి మామ్మగారు శ్రీకాకుళం మనిషి, పెద్దావిడ. ఆవిడా మాతో పాటే పెళ్ళికి కారులో రావాలి. తలుపు దగ్గరికి వచ్చి, “ఏటి బాబూ, ఇంకా అవనేదా?” అన్నారు. “ఒక్క నిమిషం మామ్మగారూ” అన్నాను. అరగంట తరువాత మళ్ళీ వచ్చారు. మళ్ళీ అదే జవాబు చెప్పాను. ఆవిడ మీ వైపు కాదు, నా వైపు చూసి, “ఇందాకా అదే నిమిషం సెప్పినావు గదా నాయినా” అన్నారు. మీరు ఆడిన అబద్ధం నా నోటి గుండా బయటికి వెళ్ళిందన్నమాట. మిగిలినవన్నీ మరిచిపోతానేమో గాని ఇది మాత్రం మరిచిపోను.

3 గంటల 9 నిమిషాలకు ఆ ఒకటి పోయి, ఇంగ్లీషు అక్షరాలు రెండు వచ్చాయి, మూడుసార్లు కూత వినిపించింది, ఆ తరువాత ఉలుకూ పలుకూ లేదు. లోపల నీళ్ళున్నాయి గనుక తలుపు తాళం తెరుచుకోదు. కస్టమర్ కేరుకు ఫోను చేస్తే, నా కాల్ వారికి ఎంతో ముఖ్యమైనదని ఇరవై రెండు నిమిషాలు పాట పెట్టి వినిపించి, సోమవారం మధ్యాహ్నం 2 నుంచి 5 లోపు మనిషి వస్తాడని సెలవిచ్చారు.

ఇక్కడి నుంచి మిమ్మల్ని బహువచనంలో పిలవడం నా వల్ల కావడం లేదు, మన్నించు.

నీ పాదాల దగ్గర కుడివైపు ఒక చిన్న తలుపు, దాని లోపల చిటికెన వేలంత రబ్బరు గొట్టం ఉంటాయని ఆ రోజే తెలుసుకున్నాను. బిరడా తీస్తే కడుపులోని నీళ్ళు వస్తాయి గాని, ఆ గొట్టం నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో ఉంటుంది కాబట్టి దాని కింద బకెట్టు పట్టదు, చెంబు పట్టదు. అమ్మ పులిహోర కలిపే స్టీలు పళ్ళెం తెచ్చి ఇచ్చింది. పళ్ళెం నిండడానికి పది సెకన్లు, దాన్ని తొణకకుండా బాత్‌రూముకు మోసుకెళ్ళి పారబోసి రావడానికి అరనిమిషం. ఆ మధ్యలో వేలితో గొట్టాన్ని నొక్కిపట్టే పని మా ఆవిడది. ఇరవై ఏడు పళ్ళాలు మోశాను. చివర ఫిల్టరు మర తిప్పి తీస్తే, నల్లటి జిగురులోంచి ఒక రెండు రూపాయల బిళ్ళ, ఒక తలపిన్ను, ఒక తెల్ల గుండీ బయటపడ్డాయి. ఆ గుండీ నేను పెళ్ళికి తొడుక్కోవలసిన చొక్కాదే. ‘టక్’ మని తాళం తెరుచుకునేసరికి నాలుగున్నర. దుప్పటి మోకులా మెలితిరిగి ఉంది. దాని నడుమ పంచె, పంచె మడతలోంచి మునిగిపోతున్నవాడి చెయ్యిలా నా చొక్కా చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనం, బయట ముసురు, ఎక్కడ ఆరబెట్టేది? గళ్ళ చొక్కాతో వెళ్ళాను. నలభై తెల్ల చొక్కాల మధ్య నన్ను చూసి, వంటవాళ్ళ తాలూకు మనిషిననుకొని, ఆడపెళ్ళివారి పెద్దాయన ఒకరు నన్ను ఇంకాస్త సాంబారు అడిగారు. తెచ్చి పోశాను.

ఉతికి ఆరేయడమనే మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి. మొదటి అర్థంలో ఆ పని నీ చేత కాలేదు గనుక, రెండో అర్థంలో నేను చేస్తున్నాను. ఉక్కు మా హక్కని 1966లో ఉద్యమించిన ఊరికి వచ్చి, నువ్వు రెండో వానాకాలానికే అడుగున తుప్పు పట్టావు. నీ తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతలో ఎప్పుడు వేలు పెట్టినా చెరువు గట్టు వాసన. ఊళ్ళో ఎక్కడున్నా ఫోనులోంచి నిన్ను నడిపించవచ్చని ఒక యాప్ ఇచ్చారు. బట్టలు వేయడానికీ కుళాయి తిప్పడానికీ మాత్రం నేను ఇంట్లోనే ఉండాలి. పని ముగిశాక, కచేరీలో మంగళం పాడినట్టు నువ్వు తీసే రాగం గురించి అర్ధరాత్రి దాటాక కింది అంతస్తువాళ్ళు అన్న మాటలు ఈ లేఖలో రాయదగినవి కావు.

సోమవారం సగం రోజు సెలవు పెట్టి, రెండింటి నుంచి నీకు ఎదురుగా కూర్చున్నాను. 4 గంటల 55 నిమిషాలకు మెకానిక్ ఫోను చేసి, “మద్దిలపాలెం దాటేశాను సార్” అన్నాడు. 6 గంటల 20 నిమిషాలకు వచ్చాడు. కుర్రాడు మంచివాడే, నీ పైమూత విప్పి చూపించాడు. అక్కడ నా అరచేతికి రెండింతల వెడల్పున కాంక్రీటు దిమ్మ ఉంది. తిరిగేటప్పుడు ఎగిరిపడకుండా బరువు కోసం వేస్తారట. లిఫ్టు లేని మూడో అంతస్తుకు నేను డబ్బులిచ్చి మోయించింది అదన్నమాట. ఆ తరువాత అతను టార్చి వేసి, బోర్డు మీద పచ్చగా పట్టిన చిలుమును చూపించి, “సముద్రం గాలి సార్, కొత్తది వెయ్యాల, ఎనిమిది వేల ఆరు వందలవుద్ది” అన్నాడు. పదేళ్ళ వారంటీ అని నీ ఛాతీ మీద స్టిక్కరు ఉంది గదా అంటే, “అది మోటారుకి సార్. మోటారు చాలా బాగుంది” అన్నాడు. గుండె గట్టిదే గాని మనిషి పోయాడని చెప్పే డాక్టరు గొంతు అది.

అందుచేత ఈ రోజు ద్వారకానగర్ వెళ్ళాను. బట్టలను చూసి అదే గుర్తుపడుతుంది సార్ అంటూ దుకాణంలోని అబ్బాయి ముందు నీ చెల్లెలినే చూపించాడు. నా బట్టలను నేను గుర్తుపట్టగలను, నన్ను గోడ పక్కన మూలకు నెట్టినవాటి దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. అక్కడ దొరికింది: సెమీ ఆటోమేటిక్, ఏడున్నర కిలోలు, 11,490 రూపాయలు, మూడేళ్ళ కిందట నీకు పోసిన 31,000లో సగం కూడా కాదు. ఒళ్ళంతా ప్లాస్టిక్కే గనుక సముద్రపు గాలికి తినడానికి పెద్దగా ఏమీ లేదు. పక్కపక్కనే రెండు తొట్లు. ఉతికే తొట్టి మీట పదిహేను నిమిషాలకు, పిండే తొట్టి మీట ఐదు నిమిషాలకు మించి తిరగవు. మీటను చివరిదాకా తిప్పి వదిలితే, బొమ్మ కారుకు కీ ఇచ్చినట్టు కిర్రుమంటూ వెనక్కి నడుస్తుంది. నేను దుకాణంలోనే చేతి గడియారం విప్పి పట్టుకొని చూశాను, ఐదంటే ఐదే. పిండే తొట్టిలో బరువు ఒక పక్కకు చేరితే వీధి చివరిదాకా వినిపించేంత గోల చేస్తుందని ఆ అబ్బాయి ముందే హెచ్చరించాడు. చేయనీ. మూత ఎత్తితే ఆగుతుంది, చెయ్యి పెట్టి దుప్పటి సర్ది మూత వేస్తాను. నువ్వు తొంభై మూడు నిమిషాలు తలకిందులైన సమస్యకు నా చెయ్యి ఆరు సెకన్లు తీసుకుంటుంది.

దాని లోపాలు నాకు తెలియవని అనుకోకు. దగ్గర నిలబడాలి, జాడించుకోవాలి, తడి బట్టలను ఈ తొట్టిలోంచి ఆ తొట్టిలోకి మార్చాలి. కాని తెల్లవారుజామున వచ్చే కార్పొరేషన్ కుళాయి సన్నగా కారుతున్న రోజున, నీలా ధార చాలలేదని అలిగి ఆగిపోదు. తాటిపూడి నీళ్ళో మేఘాద్రి గెడ్డ నీళ్ళో, బకెట్టుతో ఎత్తి పోస్తే చాలు. తెల్లబట్టలు తీసిన నురుగు నీళ్ళలోనే రంగుబట్టలు వేయవచ్చు. నీళ్ళు పోవడానికి పంపు కూడా లేదు. గొట్టం కిందికి దించితే వాటంతట అవే పోతాయి. పులిహోర పళ్ళెం ఇక పులిహోరకే ఉంటుంది.

నీ గురించి మంచిమాట ఒకటుంది, రాయకపోతే అమ్మ ఊరుకోదు. నువ్వు దసరాకు వచ్చావు. అప్పటికి ఆవిడ మోకాలి ఆపరేషనై రెండు నెలలు, వంగడానికి లేదు. నీ నుదుట కుంకుమబొట్టు పెట్టి, చామంతి పువ్వు ఒకటి నెత్తిన ఉంచి, స్టూలు వేసుకొని ఆ గాజు ముందు కూర్చుంది. టీవీ కట్టేసి మరీ నిన్ను చూసేది. “అదిగో నా వంకాయరంగు చీర వచ్చింది, అదిగో మళ్ళీ పోయింది” అని మమ్మల్ని పిలిచి చూపించేది. కొత్తదానికి గాజు లేదు. ఈ రాత్రి నిన్ను తుడుస్తూ, ఆ బొట్టు దగ్గర మాత్రం గుడ్డ పక్కకు తిప్పింది. నేనూ ఏమీ అనలేదు.

ఇట్లు,
గళ్ళ చొక్కా మనిషి.

తా.క. బుధవారం. కుర్రాళ్ళు పదింటికే వచ్చారు. రెండో అంతస్తు మెట్ల మలుపులో నువ్వు అడ్డంగా ఇరుక్కుపోయావు. ఆ కాంక్రీటు బరువుకు ఇద్దరూ చాలక వాచ్‌మన్ కూడా చెయ్యి వేశాడు. పైకీ కిందికీ దారి లేదు. అంతలో మామ్మగారు పూర్ణా మార్కెట్ నుంచి కూరల సంచితో వచ్చి కింద నిలబడి, “ఏటి బాబూ, ఎంతసేపు?” అని అడిగారు. నేను పైనుంచి, ఆలోచించకుండానే, “ఒక్క నిమిషం మామ్మగారూ” అనేశాను. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, సంచి పక్కన పెట్టి, కొంగుతో మెట్టు దులుపుకొని కూర్చున్నారు.