కోడలికి తెలుసు, అయినా కదలదు

2025 సెప్టెంబర్ 7 రాత్రి 10 గంటలకు కాస్త ముందు చంద్రుణ్ణి గ్రహణపు నీడ పట్టింది, విడిచేసరికి ఒకటిన్నర కావస్తోంది. ఆ మూడున్నర గంటలూ బెజవాడలో ఎందరో గర్భిణులు కిటికీలకు దుప్పట్లు కట్టిన గదుల్లో కదలకుండా పడుకున్నారు. కత్తిపీట ముట్టకూడదు, గోళ్లు తీయకూడదు, కాళ్లు ముడవకూడదు, లేదంటే బిడ్డ పెదవి చీలి పుడుతుందని భయం. వంటింట్లో ఆవకాయ జాడీ మీద గరిక.

బీటెక్ చదివి ఇదేం చాదస్తమని విసుక్కుంటాం. కానీ నమ్మకం బుర్రలో కంటే చుట్టూ ఉన్న మనుషుల్లోనే ఎక్కువగా కాపురముంటుంది. పెదవి చీలికకు తెలుగులో పేరే గ్రహణం మొర్రి. ఎందుకొస్తుందని అడిగే వయసు రాకముందే జవాబు చెవిన పడిపోయింది.

నిజానికి పై పెదవి గర్భం 4 నుంచి 7 వారాల మధ్య అతుక్కుంటుంది, అంగిలి 6 నుంచి 9 వారాల మధ్య. ఏడో నెలలో గదిలో దాక్కునేనాటికి ఆ పని పూర్తయి నెలలు గడిచాయి. వంశంలో ఉండటం, పొగ, గర్భానికి ముందునుంచీ ఉన్న షుగరు, కొన్ని మూర్ఛ మందులు ఈ ముప్పును పెంచుతాయి. చాలామందిలో ఫలానా కారణమని తేలదు. ఆ సందులోంచే గ్రహణం దూరుతుంది.

కోడలి లెక్కా తెలివితక్కువది కాదు. పడుకుంటే పోయేది ఒక పూట. తిరిగాక ఏ కారణంగానో బిడ్డకు మొర్రి వస్తే, "ఆ రోజు చెబితే విన్నావా?" అనే మాట జీవితాంతం మోయాలి.

1950ల తొలినాళ్లలో అమెరికాలో సాల్మన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని గీతల పొడవు పోల్చమన్నాడు. కావాలని తప్పు చెప్పే గుంపు మధ్య కూర్చున్నవారిలో ప్రతి నలుగురికీ దాదాపు ముగ్గురు ఒక్కసారైనా గుంపు మాటే అన్నారు. గుంపులో ఒకే ఒక్కరు సరిగ్గా చెబితే ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది.

నాస్తికవాది గోరా 1940లో ముదునూరులో పెట్టి, 1947లో బెజవాడకు తెచ్చిన నాస్తిక కేంద్రం గ్రహణం వేళ గర్భిణులను ఆరుబయటికి పిలిచేది. అక్కడ ఉపన్యాసం కంటే పక్కన నిలబడ్డ ఇంకో గర్భిణి ఎక్కువ పని చేసి ఉంటుంది. ఆయన ఉప్పు సత్యాగ్రహం ఏట పుట్టిన కొడుక్కి లవణం అని, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏట పుట్టినవాడికి సమరం అని పేర్లు పెట్టారు. అంటే నాస్తికత్వమూ ఉగ్గుపాలతోనే వచ్చింది!

కాబట్టి కోడల్ని ఒంటరిగా పట్టుకుని మూఢనమ్మకమని క్లాసు పీకితే లాభం లేదు. బెజవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల్లోనైనా గుంటూరు కొత్తపేటలోనైనా 18-22 వారాల మధ్య బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ చేస్తారు. రిపోర్టు చెప్పేటప్పుడు అత్తగారినీ కూర్చోబెట్టి, పెదవి ఇప్పటికే ఏర్పడిపోయిందని ఆవిడకే చెప్పాలి. ఒక జాగ్రత్త. అంగిలి మాత్రమే చీలితే స్కాన్‌లో తరచూ దొరకదు. "అంతా బాగుంది" అని మాటిచ్చాక తేడా వస్తే డాక్టరు ఓడి గ్రహణం గెలుస్తుంది.

ముందు సాధించాల్సింది తిండీ నీళ్లూ. చంద్రగ్రహణానికి సూతకం 9 గంటల ముందే మొదలంటారు, ఇన్సులిన్ తీసుకునే గర్భిణి అంతసేపు పస్తుంటే షుగరు పడిపోవచ్చు. పంచాంగం చెప్పేవాళ్లే గర్భిణులకు సడలింపు ఇస్తుంటారు. అత్తగారి దగ్గర డాక్టరు చీటీ కంటే ఆ మాటే ముందు చెల్లుతుంది. గది తలుపు తీయించడం తర్వాతి మెట్టు. దానికి ముందు పై అంతస్తులో ఇంకో గర్భిణి ఉందేమో కనుక్కోవాలి.