డిస్కౌంట్ రేటు ఒట్టి లెక్కేనా?

"భవిష్యత్తుకు డిస్కౌంట్ వేయడం ఒట్టి లెక్క, అందులో నీతికి పనిలేదు. రేటు ఎంతో మార్కెట్టే చెబుతుంది. పైగా రాబోయేవాళ్లు మనకంటే సంపన్నులు. డిస్కౌంట్ వద్దంటే మనం పస్తులుండి వాళ్లకోసం దాచాలి." వాతావరణ మార్పును ఆపే ఖర్చు గురించి మాట వచ్చినప్పుడల్లా ఈ వాదన చక్కర్లు కొడుతూనే ఉంటుంది. రేపటి లాభనష్టాల విలువను నేటి లెక్కలో ఏడాదికి ఇంత శాతం చొప్పున తగ్గించుకుంటూ పోవడమే డిస్కౌంట్, ఆ శాతమే డిస్కౌంట్ రేటు.

ఒట్టి లెక్క అన్నదే ముందు చూద్దాం. ఆ రేటులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. రేపటివాళ్లు సంపన్నులైతే, అదనంగా చేతికొచ్చే డబ్బు వాళ్లకు మనకున్నంత అక్కరకు రాదు. ఇది సబబే. రెండోది, ఆలస్యంగా పుట్టారన్న ఒక్క కారణంతో వాళ్ల సుఖదుఃఖాలకు కోత పెట్టడం. 1928లో పొదుపుకు గణిత సిద్ధాంతం రాసిన ఫ్రాంక్ రామ్సే దీన్ని నైతికంగా సమర్థించలేమన్నాడు, ఊహాశక్తి చాలకపోవడమే దీనికి మూలమన్నాడు. ఈ లెక్కకు సూత్రం కట్టినవాడే ఆ మాట అన్నాక "ఒట్టి లెక్క" అని వాదించడం వింతే. ఈ కోతకు, వాతావరణ మార్పు ఖర్చులపై రాసిన 2006 నివేదికలో ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ ఏడాదికి 0.1 శాతం తీసుకున్నాడు, అదీ మానవజాతే అంతరించిపోయే ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకుని. మరో ఆర్థికవేత్త విలియం నార్డ్‌హాస్ 1.5 శాతం తీసుకున్నాడు. నూరేళ్ల తర్వాతి మనిషి సంక్షేమానికి స్టెర్న్ లెక్కలో 90 శాతం విలువ నిలుస్తుంది, నార్డ్‌హాస్ లెక్కలో నాలుగో వంతు కూడా మిగలదు. ఈ రెంటిలో ఏది న్యాయమో ఏ గణితం తేలుస్తుంది?

ఇక మార్కెట్. వడ్డీ రేటులో కనిపించేది ఇప్పుడు బతికున్నవాళ్ల తొందర. 2150లో పుట్టేవాళ్లు ఆ బేరంలో లేరు. నా రేపటిని నేను నిర్లక్ష్యం చేసుకుంటే అది నా ఇష్టం, ఇంకొకరి రేపటి మీద నాకు ఆ హక్కు లేదు.

వాళ్లు సంపన్నులన్న మాట నిజమే అయినా మొదటి సంగతికే చెల్లుతుంది. వాతావరణ నష్టమే ఎదుగుదలను వెనక్కి తోస్తే అదే సూత్రంలో రేటు సున్నా కిందికీ దిగవచ్చు. అన్నట్టు, ఉన్నవాడికి డబ్బు విలువ తక్కువని గట్టిగా నమ్మేవాళ్లు నేటి ధనికులు నేటి పేదలకు ఎంత ఇవ్వాలో కూడా చెప్పాలి కదా! అక్కడ మాత్రం మౌనం.

పస్తుల వాదన ఒక్కటే బలమైనది. కోత దాదాపు సున్నాకు దించి, మిగతావి మార్చకుండా వదిలేస్తే, సూత్రం నమ్మలేనంత పొదుపు చేయమంటుంది. స్టెర్న్ నివేదికపై ఆర్థికవేత్త పార్థా దాస్‌గుప్తా చేసిన విమర్శ ఇదే. అయితే ఆయన సూచించిన సవరణ పుట్టిన ఏడాదిని బట్టి కోత పెంచడం కాదు. సంపన్నులకు, పేదలకు మధ్య సమానత్వానికి ఇంకా ఎక్కువ బరువు ఇవ్వమన్నాడు. అలా చేస్తే సంపన్నులు కాబోయేవాళ్లకోసం మనం కడుపు మాడ్చుకోనక్కర్లేదు, పేదలుగా మిగిలేవాళ్లను లెక్కలోంచి తీసేయనక్కర్లేదు.