పోయాక పుట్టుకొచ్చిన ప్రైవసీ

ఇరవై మూడేళ్ళ కొడుకు ఔటర్ రింగ్ రోడ్డు మీద పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడు తల్లి అతని ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. లాక్ తీయాల్సిన వేలు బన్సీలాల్‌పేట శ్మశానంలో కాలిపోయింది. జీహెచ్ఎంసీ ఇచ్చిన మరణ ధ్రువపత్రం, మీసేవ చుట్టూ తిరిగి తెచ్చుకున్న కుటుంబ సభ్యుల పత్రం స్కాన్ చేయించి ఒక సోషల్ మీడియా కంపెనీకి పంపారు. వాడి ఫొటోలు, స్నేహితులకు పెట్టిన వాయిస్ మెసేజ్‌లు ఇస్తే చాలన్నారు. నాలుగు నెలలకు జవాబొచ్చింది. ఈ వారం ఆమె మా కార్యాలయానికొచ్చి ఆ ప్రింటవుట్ బల్ల మీద పెట్టారు. రెండు లైన్ల ఇంగ్లీషు, కింద మనిషి పేరు లేదు. వినియోగదారు ప్రైవసీ దృష్ట్యా ఇవ్వలేమట.

కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. అన్నిటిదీ ఒకటే పాట. అయితే ప్రైవసీ అనే మాట ఎవరి నోట వస్తోందో చూడాలి. బతికున్నన్నాళ్ళూ ఆ కుర్రాడు ఏం చూశాడో, దేని దగ్గర ఎంతసేపు ఆగాడో లెక్కగట్టి ప్రకటనలు అమ్ముకున్న వ్యాపారమిది. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా అనే ఎన్నికల ప్రచార సంస్థ బాగోతం బయటపడ్డప్పుడు 8.7 కోట్ల మంది సమాచారం చేతులు మారి ఉండొచ్చని ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. అందులో మనవాళ్ళు సుమారు 5.62 లక్షల మంది. అప్పుడు ఎవరి మరణ ధ్రువపత్రమూ అడగలేదు.

పోయినవాడికీ రహస్యాలుంటాయి, అతనితో మాట్లాడినవాళ్ళు బతికే ఉన్నారు కదా అనే వాదన ఉంది. కాదనం. కానీ చనిపోయిన హిందీ నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మీద తీసిన సినిమాను ఆపమని ఆయన తండ్రి కోర్టుకు వెళితే, ప్రైవసీ హక్కు మనిషితోనే పోతుందని 2023లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అంటే సినిమా తీసేవాడికి అడ్డురాని ప్రైవసీ, తల్లి ఫొటోలడిగితే లేచి కూర్చుంటుందన్నమాట!

ముందే వారసుణ్ణి ఎంచుకునే ఏర్పాటు పెట్టాం కదా అంటారు. నిజమే. గూగుల్ 2013లో, ఫేస్‌బుక్ 2015లో, యాపిల్ 2021లో పెట్టాయి. ఇరవై మూడేళ్ళవాడు సెట్టింగ్స్ లోపలికి వెళ్ళి ‘నేను పోతే’ అన్న చోట పేరు రాస్తాడా? మన ఇళ్ళలో ఆ మాటెత్తితేనే ‘శుభమా అని ఏం మాటలవి’ అంటూ నోరు మూయిస్తారు. పోనీ రాశాడే అనుకుందాం. ఫేస్‌బుక్‌లో ఆ వారసుడు ఒక్క మెసేజ్ చదవలేడు. గూగుల్ అయితే రెండేళ్ళు ఎవరూ తెరవని ఖాతాను తుడిచేయొచ్చు.

ఇంటివాళ్ళకు మూసిన ఈ తలుపు దొంగకు మాత్రం బార్లా తెరిచే ఉంది. పోయినవాడి ఫొటోతో కొత్త ఖాతా తెరిచి, ‘స్నేహితుడికి బదిలీ అయింది, ఫర్నిచర్ చవగ్గా ఇస్తాడు’ అని బంధువులకు మెసేజ్ పెట్టి డబ్బు గుంజేవాణ్ణి ఆపడానికి ఏ ప్రైవసీ పాలసీ ముందుకు రాదు. వాడక రద్దయిన మొబైల్ నంబరును కనీసం 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. రద్దయ్యాక తొంభై రోజులంటే మూడు నెలలే. ఆ తర్వాత ఆ నంబరుకొచ్చే ఓటీపీ ఎవరి చేతిలో పడుతుందో!

ఇక మన ప్రభుత్వం. 2023 డేటా పరిరక్షణ చట్టం 14వ సెక్షన్ నామినీ హక్కు ఇచ్చింది. నియమాలు రావడానికి 2025 నవంబరు పట్టింది. అందులోని ముఖ్యమైన వాటి అమలుకు మరో 18 నెలల గడువు. అదే నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు. బ్యాంకు ఫారంలో నామినీ గడి ఉంటుంది, గుమాస్తా వేలుపెట్టి చూపిస్తాడు. సోషల్ మీడియా ఖాతా తెరిచేటప్పుడు ఆ గడి ఎందుకుండదు? నామినీ లేకుండా పోయినవాడి సంగతి 14వ సెక్షన్ ఎత్తనే లేదు. హఠాత్తుగా పోయే పిల్లల్లో ఎక్కువమంది వాళ్ళే.

జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2018లో ఈ చిక్కు తేల్చేసింది. పదిహేనేళ్ళ కూతురు బెర్లిన్‌లో రైలు కింద పడి చనిపోతే, ఆమె ఫేస్‌బుక్ ఖాతా తల్లిదండ్రులకు దక్కుతుందని తీర్పిచ్చింది. ఉత్తరాలూ డైరీలూ వారసులకు వచ్చినప్పుడు ఇది ఎందుకు రాదంది. మనకు అలాంటి రెండు వాక్యాలు రాయడం పార్లమెంటుకు చేతకాని పనేం కాదు. తహసీల్దారు పత్రం చూపిన వారసుడికి నిర్ణీత గడువులో ఫొటోలివ్వాలి, అడిగితే ఖాతా మూసేయాలి. ఇవ్వకపోతే జరిమానా కట్టాలి.

ఆ కుర్రాడి పుట్టినరోజు మొన్ననే వెళ్ళింది. శుభాకాంక్షలు చెప్పండంటూ అతని స్నేహితులందరికీ అదే కంపెనీ గుర్తుచేసింది. పోయినవాడి పుట్టినరోజు గుర్తుపెట్టుకునే యంత్రాలున్నాయి కానీ, అతని తల్లి ఉత్తరం చదవడానికి ఒక్క మనిషి లేడు. పైగా ప్రైవసీ అని నీతులు! సిగ్గుండాలి.