చూసిన ఫైలే మళ్ళీ మళ్ళీ ఎందుకు చూస్తోందో యాంటీవైరస్ చెప్పాలి కదా

మాది చిక్కడపల్లిలో చిన్న డీటీపీ షాపు, మూడు సిస్టమ్స్. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాం. మూడు వారాలుగా నన్ను పరేషాన్ చేసిన విషయం ఒకటి రాస్తున్నా, కొంచెం పొడుగే, కానీ మీ కంప్యూటర్ కూడా పొద్దున ఆన్ చేసినప్పటి నుంచి నత్తలా నడుస్తుంటే చివరిదాకా చదవండి.

శ్రావణమాసం ముహూర్తాలు, ఊపిరాడని సీజన్. ఒక పెద్దావిడ మనవరాలి పెళ్ళికార్డు ప్రూఫ్ చూడ్డానికొచ్చి నా పక్కన కూర్చున్నారు. పెళ్ళికొడుకు ఇంటిపేరులో ఒక ఒత్తు మార్చాలి, అంతే పని. డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రా తెరుచుకోవడానికే నాలుగు నిమిషాలు పట్టింది, ఫైల్ క్లిక్ చేస్తే గుండ్రం తిరుగుతూనే ఉంది. టాస్క్ మేనేజర్ చూస్తే డిస్క్ 100 శాతం, లిస్టులో అన్నిటికన్నా పైన మా యాంటీవైరస్. దాని స్కాన్ విండో తెరిచా. గణపతి 46, గణపతి 47, గణపతి 48... మా వినాయకుడి బొమ్మల ఫోల్డర్ అది, అందులో కొత్త బొమ్మ పెట్టి రెండేళ్ళు దాటింది, నిన్న కూడా ఇదే ఫోల్డర్ చూసింది, మొన్నా ఇదే. "అయ్యిందా బాబూ, పంతులుగారికి చూపించాలి" అని ఆవిడ రెండుసార్లు అడిగారు. మూడోసారి అడగలేదు, "రేపొస్తాలే నాయనా" అని లేచి వెళ్ళిపోయారు. ఎండలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడిచి వెళ్ళాలి ఆవిడ. అది చూసి నాకు నిజంగా బాధేసింది.

డబ్బులు కట్టి కొన్న యాంటీవైరస్ అది, ఊరికే వచ్చింది కాదు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమన్నారు, చేశా, మళ్ళీ అదే. రెండోసారి చేస్తే మళ్ళీ అదే మాట. పార్క్‌లేన్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ నుంచి మాకు సిస్టమ్స్ చూసే తమ్ముడొకడు వస్తాడు, మంచోడే, వాడేమో "అన్నా, డి డ్రైవ్ మొత్తం ఎక్స్‌క్లూజన్‌ల పెట్టెయ్, లొల్లే ఉండదు" అన్నాడు. ఎక్స్‌క్లూజన్ అంటే ఇక్కడ స్కాన్ చేయొద్దు అని చెప్పే లిస్టు. నేను ఒప్పుకోలేదు. మా దగ్గరికి రోజూ వచ్చే పెన్‌డ్రైవ్‌లు ఎక్కడెక్కడివో, ఫోల్డర్లన్నీ దాచేసి షార్ట్‌కట్లు చూపించే వైరస్ ఉన్నవి ఎన్ని చూశానో, అవన్నీ నేరుగా కాపీ అయ్యేది డి డ్రైవ్‌లోకే, సరిగ్గా అక్కడే కాపలా తీసేయమంటే ఎలా? 2017 మే లో ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రలో పోలీసుల కంప్యూటర్లే లాక్ అయిపోయాయి, అది దూరే లోపాన్ని సరిచేసే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ ఇచ్చి అప్పటికే రెండు నెలలు. మన దగ్గర ఉన్నవి జనాల పెళ్ళి ఫోటోలు, ఆధార్ కాపీలు, అవి పోతే మళ్ళీ ఎక్కడి నుంచి తెస్తాం. యాంటీవైరస్ ఆపేయడం పరిష్కారం అనేవాళ్ళతో నేను అస్సలు ఏకీభవించను.

అందుకే నేనే కూర్చుని చదివా, రాత్రిళ్ళు. అర్థమైంది ఏంటంటే చాలా యాంటీవైరస్‌లు ఒకసారి చూసిన ఫైల్‌ని గుర్తుపెట్టుకుంటాయి, ఆ ఫైల్ మారలేదని తెలిస్తే వదిలేస్తాయి, మారిందో లేదో తెలుసుకోవడానికి విండోస్ రాసుకునే మార్పుల చిట్టా కూడా ఉంది ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కుల్లో. కానీ కొత్త వైరస్ డెఫినిషన్స్, అంటే వైరస్‌లని గుర్తుపట్టే లిస్టు, దిగినప్పుడు ఆ గుర్తు చెల్లకుండా పోవచ్చు, పాత లిస్టుతో చూసి పంపించిన మనిషిని కొత్త లిస్టు వచ్చాక మళ్ళీ చూడాలి కదా, అది న్యాయమే. డెఫినిషన్స్ ఏమో రోజుకి కొన్నిసార్లు వస్తాయి. అంటే మళ్ళీ చూడటం తప్పు కాదు, మరి రోజంతా ఎందుకు పడుతోంది అన్నదే నా ప్రశ్న.

జవాబు దాని రిపోర్టులోనే ఉంది, మూడు మెనూలు లోపల. తేదీల వారీగా "ఫుల్ స్కాన్ మొదలైంది", మర్నాడు "మొదలైంది", ఆ మర్నాడు "మొదలైంది". మొత్తం కిందిదాకా వెళ్ళినా "పూర్తయింది" అని ఒక్కటి లేదు! రాత్రి షెడ్యూల్ పెట్టి ఉంది, మేము 9 గంటలకి షాపు కట్టేస్తాం, మిస్ అయిన స్కాన్ పొద్దున ఆన్ చేయగానే మొదలవుతుంది, సాయంత్రానికి సగం దాటుతుంది, మేము షట్‌డౌన్ చేస్తాం, రేపు మళ్ళీ మొదటి నుంచి, ఈలోపు డెఫినిషన్స్ మారిపోయాయి కాబట్టి నిన్న చూసిన సగం కూడా లెక్కలోకి రాదు. విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ వాడేవాళ్ళయితే విండోస్ రికార్డులు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో దాని నంబర్లు చూడండి, 1000 అంటే స్కాన్ మొదలైంది, 1001 పూర్తయింది, 1002 మధ్యలో ఆగింది. 1001 కనపడకపోతే మీదీ మా కథే.

రెండో కారణం ఇంకా కోపం తెప్పించింది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎఫ్ ఎల్ టీ ఎం సీ అని ఐదక్షరాలు కొడితే ఫైళ్ళ దారిలో ఎవరెవరు కాపలా ఉన్నారో పేర్లు, ఆ వరుసలో ఎవరు ఎంత పైన ఉన్నారో చెప్పే ఎత్తు నంబర్లు వస్తాయి. యాంటీవైరస్‌లకి కేటాయించింది 320000 నుంచి 329999 దాకా, డిఫెండర్‌ది డబ్ల్యూడీఫిల్టర్, 328010. మా సిస్టమ్‌లో ఆ వరుసలో ఇప్పటి యాంటీవైరస్‌తో పాటు పోయినేడు తీసేశాం అనుకున్న పాత కంపెనీది కూడా కూర్చుని ఉంది. ఇది ఫైల్ తెరిస్తే అది చూస్తుంది, అది తెరిస్తే ఇది చూస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో దాని పేరే లేదు, ఆ కంపెనీ వాళ్ళ రిమూవల్ టూల్ వేరే డౌన్‌లోడ్ చేసి తీస్తేనే పోయింది.

తర్వాత పాత ఆర్డర్ల ఫైళ్ళన్నీ ఉన్న పెద్ద జిప్ ఫైళ్ళు, వాటిని స్కాన్ అప్పటిదాకా ప్రతిసారీ విప్పి చూసేది, ఒకసారి శుభ్రంగా స్కాన్ చేయించి బయటి హార్డ్‌డిస్క్‌లో పెట్టి ప్లగ్ తీసేశా. శనివారం రాత్రి స్లీప్ ఆఫ్ చేసి, సిస్టమ్ ఆన్‌లోనే వదిలి ఇంటికెళ్ళా. ఆదివారం పొద్దున వచ్చి చూస్తే "పూర్తయింది", ఐదున్నర గంటలు. ఇప్పుడు రోజూ లంచ్ టైమ్‌లో ముఖ్యమైన చోట్లు మాత్రం చూసే క్విక్ స్కాన్, నెలకొక ఆదివారం అన్నీ చూసే ఫుల్ స్కాన్. రోజూ ఫుల్ స్కాన్ అక్కర్లేదు, ఎప్పుడూ ఆన్‌లో ఉండే రక్షణకి తోడు క్విక్ స్కాన్ చాలామందికి సరిపోతుందని మైక్రోసాఫ్టే చెప్తుంది.

నా బాధల్లా ఒక్కటే. ఇదంతా ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలుసు. స్కాన్ పూర్తవ్వట్లేదని తెలుసు, మధ్యలో షట్‌డౌన్ అవుతోందని తెలుసు. కానీ మెయిన్ స్క్రీన్ మీద మూడు వారాలూ చూపించింది పచ్చ టిక్కు, "మీరు సురక్షితం" అని. "మీ స్కాన్ వరుసగా ఇన్ని రోజులు పూర్తి కాలేదు, టైమ్ మార్చుకోండి" అని ఒక్క ముక్క, తెలుగులో అయితే ఇంకా మంచిది, అక్కడ రాస్తే వాళ్ళ సొమ్మేం పోతుంది? కారణం చెప్పకపోతే జనం చేసేది ఒకటే, విసిగిపోయి ఆపేస్తారు. మా లైన్లో రెండు షాపుల వాళ్ళు ఆపేశారు, నాకు తెలుసు. కంపెనీకి ఇదే మాట మెయిల్ పెట్టా, ఇంకా జవాబు రాలేదు.

పెద్దావిడ కార్డు మర్నాడే అయిపోయింది, నేనే ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చొచ్చా. నిన్న మూడో సిస్టమ్ రిపోర్టు కూడా తెరిచి చూశా, మా తమ్ముడు కూర్చునేది, పదకొండు "మొదలైంది"లు ఉన్నాయి. ఈ శనివారం రాత్రి దాన్ని ఆన్‌లో వదిలి వెళ్ళాలి.