పాత హైవే ముక్క దిక్కులేని భూమి కాదు: వాట్సాప్‌లో తిరుగుతున్న మాటలకు జవాబు

"బైపాస్ పడగానే పాత హైవే ఎవరిదీ కాకుండా పోతుంది. పక్క పొలం వాళ్లు కలుపుకోవచ్చు. 12 ఏళ్లు అనుభవిస్తే పట్టా వస్తుంది. అసలు తాతల దగ్గర తీసుకున్న భూమే కాబట్టి ప్రభుత్వం తిరిగి ఇచ్చి తీరాలి." ఈ అర్థం వచ్చే సందేశం ఊళ్ల గ్రూపుల్లో చేతులు మారుతోంది. దీన్ని నమ్మి రైతులు జేసీబీలకు డబ్బు పోస్తున్నారు, కొనుగోలుదారులు అడ్వాన్సులు ఇస్తున్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాల్సి వస్తోంది.

"హైవే హోదా పోతే ఎవరిదీ కాదు."

జాతీయ రహదారుల చట్టం, 1956లోని సెక్షన్ 2(3) ప్రకారం కేంద్రం గెజిట్ ప్రకటన ఇచ్చి ఒక రోడ్డును జాబితా నుంచి తీసేయవచ్చు. అక్కడ పోయేది జాతీయ రహదారి అనే హోదా మాత్రమే. రోడ్డు రోడ్డుగానే ఉంటుంది, రాష్ట్ర ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల) శాఖకో మునిసిపాలిటీకో చేరుతుంది. సూర్యాపేట, ఏలూరు, నెల్లూరు వంటి ఊళ్ల మధ్యలోంచి పోయే పాత రోడ్లు ఈ కోవలోవి. మలుపు సరిచేసినప్పుడు మిగిలిపోయే చిన్న వంపు ముక్కలు చాలాసార్లు హైవే ఆధీనంలోనే ఉండిపోతాయి. అక్కడ ఆక్రమణలు తొలగించే అధికారం 2002 నాటి హైవే భూముల నియంత్రణ చట్టం ఇస్తుంది.

గందరగోళమంతా అప్పగింతకు పట్టే కాలంలో పుడుతుంది. మరమ్మతు చేసి ఇస్తేనే తీసుకుంటామని ఒకరు, ఇచ్చేశామని ఇంకొకరు. ఈలోగా గుంత పూడ్చే నాథుడు ఉండడు. నిర్వహణ లేకపోవడం చూసి యజమానే లేడనుకోవడం పొరపాటు. సమాచార హక్కు దరఖాస్తులో మూడు అడగండి: హోదా తీసేసిన గెజిట్ తేదీ, ఎన్నో కిలోమీటరు నుంచి ఎన్నో కిలోమీటరు వరకు అన్నది, ఇరు శాఖలు సంతకం చేసిన అప్పగింత పత్రం. 2010లో నంబర్లు మారాయి కాబట్టి పాత గెజిట్లలో చెన్నై–కోల్‌కతా రోడ్డును 16 అని కాకుండా 5 అని, హైదరాబాద్–విజయవాడ రోడ్డును 65 అని కాకుండా 9 అని వెతకాలి. కిలోమీటరు రాయి చూసి తేల్చేయకండి. పసుపు తల జాతీయ రహదారికి, ఆకుపచ్చ తల రాష్ట్ర రహదారికి గుర్తే గానీ, అప్పగింత అయిపోయినా పసుపు రాళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి.

"తాతల భూమి తిరిగి ఇవ్వాలి."

చాలాచోట్ల పాత బాట సెటిల్‌మెంట్ (పాతకాలపు భూమి సర్వే, శిస్తు నిర్ణయం) నాటికే పోరంబోకు. ఆంధ్రలో ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబర్ల రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (కొలతల పటం పుస్తకం), తెలంగాణలో సేత్వార్ (సర్వే నంబర్ల రిజిస్టరు), టిప్పన్ (కొలతల పటం) నకళ్లు తీస్తే తెలిసిపోతుంది. తర్వాత వెడల్పు చేయడానికి పరిహారమిచ్చి సేకరించిన పట్టీలైతే ఏ భారమూ లేకుండా ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. కేరళలో జాతీయ రహదారికి సేకరించగా మిగిలిన భూమి గురించి సుప్రీంకోర్టు 1997లోనే స్పష్టంగా చెప్పింది: మరో ప్రజావసరానికి వాడాలి, ఆ అవసరమూ లేకపోతే బహిరంగ వేలం వేయాలి, పాత యజమానికి అమ్మడం కుదరదు. కొందరు 2013 భూసేకరణ చట్టంలోని సెక్షన్ 101ని ముందుకు తెస్తున్నారు. అది స్వాధీనం చేసుకున్నాక ఐదేళ్లపాటు వాడకుండా వదిలేసిన భూమికి సంబంధించినది. దశాబ్దాలు బస్సులు తిరిగిన నేలను వాడని భూమి అనలేం.

రైతు గట్టిగా నిలబడాల్సిన చోటు ఒకటుంది. పాత వంపుకూ కొత్త రోడ్డుకూ మధ్య చిక్కుకున్న పొలాన్ని సేకరించకపోతే అది ఇప్పటికీ ఆయన పట్టాయే. సేకరించిన భూమి ప్రభుత్వానికి దఖలు పడిందని చెప్పే 3డి గెజిట్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం సరిచూసుకుని, ఎవరైనా రోడ్డు భూమి అంటే ఆ కాగితం చూపించాలి.

"12 ఏళ్ల అనుభవం చాలు."

12 ఏళ్ల గడువు ప్రైవేటు ఆస్తుల తగాదాలకు. ప్రభుత్వ భూమి విషయంలో 1963 లిమిటేషన్ చట్టం పెట్టిన గడువు 30 ఏళ్లు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రజా రోడ్లను ప్రభుత్వ ఆస్తి అంటుంది. ఆ చట్టం కింద వచ్చిన బీ-మెమోకు (ఆక్రమణ నోటీసుకు) డబ్బు కట్టి, ఆ రసీదునే హక్కు పత్రంగా దాచుకునేవాళ్లున్నారు. అది ఆక్రమణకు విధించిన సొమ్ము. కోర్టులో అది మీ మెడకే చుట్టుకుంటుంది.

"తారు పీకి దున్నితే పొలమే."

అన్నిటికన్నా నష్టం చేస్తున్న మాట ఇదే. పాత హైవేలో తారు, కంకర పొరలు కలిపి అర మీటరు అనుకున్నా, 7 మీటర్ల వెడల్పుతో 100 మీటర్ల ముక్కలో 350 ఘనపు మీటర్ల సరుకు ఉంటుంది. ట్రాక్టరు ట్రక్కుకు 3 ఘనపు మీటర్ల చొప్పున దాదాపు 117 ట్రిప్పులు. పెకిలిస్తే పొంగుతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. ఆ కంకర ప్రభుత్వానిది, తోలుకుపోతే కేసు. దాని కింద రోలరుతో తొక్కించిన మట్టి వేరు దిగనివ్వదు, నీరు ఇంకనివ్వదు.

అసలు ప్రమాదం తూములతో. ఎగువ పొలం నీరు కొత్త రోడ్డు తూములోంచి మధ్య పొలంలోకి వచ్చి, పాత రోడ్డు తూము దాటి వాగులో పడుతుంది. పాత కట్టను చదును చేస్తూ ఆ తూములోని హ్యూమ్ పైపును (సిమెంటు గొట్టాన్ని) మట్టితో కప్పేస్తే రెండు కట్టల మధ్య పొలం చెరువవుతుంది. నీరు పల్లమెరుగు. వరి కుళ్లడం ఒక్కటే కాదు, కొత్త కట్ట అడుగు నాని వాలు జారుతుంది, తూము గోడ కింద మట్టి కోసుకుపోతుంది. ముక్క అలాగే ఉన్నచోట మే నెలలోనే పైపు రెండు చివర్లా పూడిక తీయించాలి. కట్ట తొలగించే పని శాఖ అనుమతితో జరిగితే, తూము ఉన్నచోట పైపు పైభాగం గీకి వదిలేయకుండా సహజ నేలమట్టం దాకా కోయించాలి.

రోడ్డు పక్క చింతలు, వేపలు కూడా రోడ్డు శాఖవే. కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) అనుమతి కావాలి.

"పాత వంతెన ఉక్కులాంటిది, టోల్ తప్పించుకుని లారీలు పోవచ్చు."

2016 ఆగస్టు 2 రాత్రి మహారాష్ట్రలోని మహాడ్ దగ్గర సావిత్రి నది వరదలో బ్రిటిష్ కాలపు వంతెన కూలి బస్సులు కొట్టుకుపోయాయి. పక్కనే కొత్త వంతెన ఉన్నా పాతది కూడా వాడకంలోనే ఉంది. వంతెన పైన నున్నగానే ఉండవచ్చు, చూడాల్సింది కింద. నీరు తగ్గాక స్తంభాల పునాది బయటపడిందా, శ్లాబు అడుగున పెచ్చులూడి చువ్వలు తుప్పుతో కనిపిస్తున్నాయా, నీరు పోయే గొట్టాలు మూసుకుపోయాయా, రాతికట్టు సందుల్లో రావి మొక్క వేరూనిందా? వీటిలో ఏది కనిపించినా ఫొటోలతో కార్యనిర్వాహక ఇంజనీరుకు రాసిచ్చి, రసీదు తీసుకోండి. అడ్డంగా ఎత్తు పరిమితి గడ్డరు పెట్టించమని కూడా అడగండి. పరీక్ష జరిగేవరకు ఇసుక లారీ ఎక్కకూడదు.

"పాత రోడ్డు పక్క ప్లాటు అంటే హైవే ఫేసింగే."

ప్లాటుకూ కొత్త రోడ్డుకూ మధ్య పాత ముక్క ఉంటే, ఆ ముక్క మీదుగా హైవే ఎక్కే హక్కు దానంతట అది రాదు. ప్రవేశానికి హైవే అధికారుల అనుమతి వేరుగా తీసుకోవాలి. అది లేకపోతే వాళ్లు క్రాష్ బారియర్ (రోడ్డు అంచు అడ్డుకట్ట) బిగించిన రోజున దారి మూసుకుపోతుంది. అమ్మేవాళ్లను ఆ అనుమతి పత్రం అడగండి. ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోండి. సర్వేయరుతో హద్దు రాళ్లు చూపించుకుని కొలిపించాకే డబ్బు మాట ఎత్తండి.