రాసి డబ్బులు తీసుకున్నోడే లిటరేచర్ చెప్పాలి

ఒడిశా బరంపురంలో మా వీధిలో నన్ను ఇప్పటికీ "ఇంకా పర్మనెంట్ అవ్వలేదా మాస్టారూ" అని అడిగేవాళ్లున్నారు. అవ్వలేదండీ. పద్దెనిమిదేళ్లలో నాలుగు కాలేజీలు, రెండు కోచింగ్ సెంటర్లు, మధ్యలో ఏడాదిన్నర ఏ కాలేజీ లేకుండా పూర్తిగా రాత మీదే బతికా. పొద్దున్న షేక్‌స్పియర్, మధ్యాహ్నం ఎవరిదో థీసిస్‌లో కామాలు దిద్దడం, రాత్రి పత్రికకి వ్యాసం. మా బావ దీన్ని అతుకుల బొంత అంటాడు.

బొంతే అనుకోండి. నేననేది ఏంటంటే, ఇంగ్లీష్ లిటరేచర్ చెప్పేవాడు బయట రాసి ఉండాలి, రాసింది తిరుగుటపాలో వెనక్కొచ్చి ఉండాలి, అచ్చయినదానికి ఫోన్ చేసి డబ్బులడిగి ఉండాలి, ఇవన్నీ అర్హతల లిస్టులో మొదట ఉండాలి. మనం చూస్తే అలాంటి మనిషిని "పాపం సెటిల్ కాలేదు" అని పక్కన పెట్టేస్తున్నాం.

అసలు ఇంగ్లీష్ లెక్చరర్‌ని ఎలా ఏరుతున్నామో ఒక్కసారి చూడండి. నెట్ అని లెక్చరర్ అర్హత పరీక్ష ఉంది, దాని సంగతి తెలిసిందే, మొదటి పేపర్ 50 ప్రశ్నలు, రెండోది 100, మొత్తం 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు. ఇందులో ఒక్క వాక్యం రాయక్కర్లేదు. ఒక్కటంటే ఒక్కటి. ఏ కవి ఏ ఏడాది పోయాడు, ఏ నాటకం ముందు, ఏది వెనక, నాలుగింట్లో ఒకటి నొక్కాలి. ఇదివరకు మూడో పేపర్‌లో వ్యాసాలు రాయించేవాళ్లు, 2012 జూన్ నుంచి అదీ టిక్కుల్లోకి మారిపోయింది. వంట రాకుండా మెనూ కార్డు బట్టీ పట్టినోడికి వంటశాల తాళాలు ఇచ్చినట్టుంది. ఉద్యోగం వచ్చాకైనా రాయిస్తారా అంటే, యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ వాళ్ల 2018 రెగ్యులేషన్స్‌లో మార్కుల టేబుల్ ఉంది, చూడండి. హ్యుమానిటీస్‌లో ఒక రీసెర్చ్ పేపర్‌కి 10 మార్కులు. ఒక పుస్తకం మొత్తం అనువాదం చేస్తే 8. మూడొందల పేజీలు ఏడాది పాటు ఒక భాష నుంచి ఇంకో భాషలోకి మోసుకొచ్చినవాడి కంటే ఎనిమిది పేజీల పేపర్‌వాడికి రెండు మార్కులు ఎక్కువ! ఇక పత్రికలో వ్యాసానికైతే ఆ టేబుల్లో గడే లేదు.

ఒక క్లాసు సంగతి చెప్తా. బీఏ సెకండియర్, ఎస్సే రైటింగ్. నేను ఓ ఇంగ్లీష్ పత్రికకి బరంపురం పట్టు నేసే వీధి మీద వ్యాసం పంపితే 900 మాటల్లో 540 వేశారు. ఆ వేసిన కాగితం ముక్క, నేను పంపిన ప్రింటవుట్, రెండూ పక్కపక్కన పెట్టి జిరాక్సులు తీయించి క్లాసులో పంచా. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీ అమ్మాయి లేచి "సార్, మీ మొదటి పేరా ఏదీ?" అంది. లేదు, ఎగిరిపోయింది. పట్టు గొప్పతనం, సంస్కృతి, వారసత్వం అని నేను రెండు గంటలు కూర్చుని చెక్కిన పేరా అది. సబ్ఎడిటర్ తీసేసి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న ముసలాయన దగ్గర మొదలుపెట్టాడు, అంటే నా మూడో పేరా దగ్గర. నాకు కోపమొచ్చింది, రెండ్రోజులు పోలేదు, కానీ ఆయనదే కరెక్ట్. ఆ రోజు పిల్లలు తమ ఎస్సేలు తీసి మొదటి పేరాలు వాళ్లే కొట్టేసుకున్నారు. ఒకడైతే మొత్తం కొట్టేసి కూర్చున్నాడు. ఏ గైడులో దొరుకుతుందండీ ఈ పాఠం? ఇంకో కుర్రాడు "ఎంతిచ్చారు సార్" అని కూడా అడిగాడు. ఇంకా ఇవ్వలేదురా, ఐదో నెల నడుస్తోంది అన్నా. అదీ పాఠమే.

అవతలివాళ్ల వాదన తెలుసు, ఇదంతా దరిద్రానికి వేసిన రంగు అంటారు. గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకి 1,500, నెలకి 50,000 దాటకుండా ఇవ్వొచ్చని 2019లో యూజీసీ చెప్పింది, ఆ అంకె నేను కాగితం మీదే చూశా, చేతిలో ఎప్పుడూ చూడలేదు. సెలవుల్లో జీతం లేదు, పీఎఫ్ లేదు, 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక నాకొచ్చే కంటెంట్ పని సగం ఎండిపోయింది. ఒప్పుకుంటా. కానీ దానికి మందు రాసేవాళ్లకి సరిగ్గా డబ్బులిచ్చి కాలేజీలోకి పిలవడం. వీళ్లు దాన్ని వదిలేసి, రాయని వాళ్లని పర్మనెంట్ చేసి కూర్చోబెడుతున్నారు.

అయినా ఇది ఒక్క ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్ గొడవ కాదు, నాకు అసలు మంట వేరే ఉంది. ఈ సరిహద్దు జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, క్లాసులో ఇంగ్లీష్. మూడు భాషల మధ్య తిరిగే మనిషి ఇక్కడ వీధికొకడు దొరుకుతాడు, వాడి విలువే మనకి తెలీదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు చేసిందేంటి? బడిపంతులు ఉద్యోగం చేసుకుంటూ, అక్కడి కొండల్లో గిరిజనుల భాష సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకుని, నిఘంటువు కట్టి, ఇంకోపక్క 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు దొర, స్కూళ్ల ఇన్‌స్పెక్టర్, పుస్తకాల తెలుగుకీ మాట్లాడే తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగిన ఒక ప్రశ్న పట్టుకుని వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడారు. ఏ పోస్టులో పడుతుంది ఆ పని? (సవర పనికి ప్రభుత్వం పారితోషికం ఇస్తానంటే వద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమన్నారాయన. ఇక్కడ మాత్రం నా వాదనకి అడ్డం తగులుతారు, ఏం చేస్తాం.) 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే ఊరే వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయారు. మా బరంపురం ఉప్పల లక్ష్మణరావు గారు వృక్షశాస్త్రం మనిషి, తర్వాత మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాలు తెలుగులోకి తెచ్చారు, చవగ్గా దొరికే ఆ లావుపాటి పుస్తకాలు చదివి పెరిగినవాళ్లం ఎంతమందిమి! ఈయనకి 8 మార్కుల చొప్పున లెక్కేద్దామా?

మొన్న పర్లాకిమిడి వైపు నుంచి ఒకాయన వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతల దగ్గర చిరిగిన పాత స్టాంపు కాగితం, వాళ్ల ముత్తాత భూమి కొన్నది. దస్తావేజు తెలుగులో ఉంది. ఆయన మాట్లాడేది తెలుగే, కానీ చదువంతా ఒడియాలో, "అక్షరం రాదు మాస్టారూ" అన్నాడు, లాయరుకి ఇంగ్లీషులో కావాలట. గొలుసుకట్టు రాత, ఫుల్‌స్టాప్ లేదు, "నా యిష్టపూర్తిగా వ్రాయించి యిచ్చిన" అని మొదలై ఊపిరి తిప్పుకోకుండా మూడు పేజీలు. ఉత్తరం చెరువు గట్టు, తూర్పు ఫలానా వారి కొబ్బరి తోట అని హద్దులు గట్టిగా చదువుతుంటే ఆయన వేలితో గాల్లో ఆ పొలం గీసుకుంటున్నాడు. ఆ చెరువు ఇప్పుడు లేదట, బస్టాండు ఉందట.

రాసిచ్చాక ఎంతివ్వమంటారు అన్నాడు. పేజీకి రెండొందలు అన్నా. ఆయన బేరమాడకుండా తీసిచ్చాడు గానీ, మా అమ్మే లోపల్నుంచి "కాగితం చదివినందుకు కూడా డబ్బులేంట్రా" అని కేకేసింది.