బంతులు బ్యాగులో పెట్టాలట

“మేడమ్ గారూ, ఆ బంతులు బ్యాగులో పెట్టేయండి. ఇది ఒక మంచి పని కోసం పెట్టిన పరుగు. వినోద కార్యక్రమం కాదు.”

ఈ మాట అన్నది మైకు పట్టుకున్న ఒక కార్యకర్త. అప్పుడు ఉదయం ఆరుంబావు. ముప్పావుగంట నుంచి అదే మైకులో సినిమా పాటలు మోగుతున్నాయి. వేదిక మీద ఇద్దరు కుర్రాళ్లు జనం చేత గెంతులు వేయిస్తున్నారు. ముఖ్య అతిథి గారి కారు ఇంకా రాలేదు. వచ్చాక శాలువా, పూలగుత్తి, జెండా ఊపడం, ఫొటోగ్రాఫర్ “ఇంకొక్కసారి సార్” అంటే మళ్లీ ఊపడం. ఇందులో ఏదీ వినోదం కాదు. నా చేతిలో ఉన్న మూడు గుడ్డ బంతులే వినోదం!

తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించే ఖర్చుల కోసం మన గోదావరి డెల్టాలోనే ఒక పట్టణంలో పెట్టిన పది కిలోమీటర్ల పరుగు అది. ఏ ఊరో, ఏ సంస్థో రాయను. రాస్తే వ్యాఖ్యలన్నీ వాళ్లను తిట్టడానికే సరిపోతాయి.

కొత్తవాళ్ల కోసం నా సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. నేను బట్టలు కుడతాను. వయసు నలభై ఆరు. ఆదివారం పొద్దున్నే కాలువ గట్టు మీద మూడు బంతులు ఎగరేస్తూ పరిగెడతాను. ఇంగ్లిషులో జాగింగ్‌నూ జగ్లింగ్‌నూ కలిపి దీనికి జాగ్లింగ్ అని పేరు పెట్టారు. తెలుగులో పేరు లేదు. మా వీధిలో మాత్రం నాకు “బంతులావిడ” అని పేరు పడిపోయింది.

అందరూ ముందు అడిగేది ఒకటే: పరిగెడుతుంటే బంతి వెనక పడిపోదా? పడదు. నడుస్తున్న బస్సులో సీట్లో కూర్చుని నిమ్మకాయ పైకి ఎగరేసి చూడండి. తిరిగి మీ చేతిలోకే వస్తుంది. బస్సు వేగం నిమ్మకాయకీ ఉంటుంది కదా. డ్రైవరు సడన్‌గా బ్రేకు వేస్తేనే చిక్కు. నాకూ అంతే. గతుకు చూసి ఒక్క అడుగు తడబడితే బంతి నాకంటే ముందు వెళ్లిపోతుంది. నరసాపురం వైపు ఎదురుగాలి ఉన్న రోజున మాత్రం నిజంగానే వెనక్కి తోస్తుంది. ఆ రోజు బంతిని గడ్డం దాటి పైకి పోనివ్వను.

పరిగెత్తేటప్పుడు చేతులు ఎలాగూ ఒకదాని తర్వాత ఒకటి ఊగుతాయి. మూడు బంతుల ఆటలోనూ చేతులు అలాగే మారుతాయి. రెండింటి తాళం ఒక్కటే కనుక అడుగుకో బంతి. నిమిషానికి నూట అరవై అడుగులు, గంటా పది నిమిషాల పరుగు, అంటే 11,200 సార్లు ఎగరేసి పట్టాలన్నమాట. చేతుల వైపు చూడకూడదు, బంతి పైకి వెళ్లి ఆగే చోటే చూడాలి. ఆ చూపు నాకు కొత్తగా రాలేదు. చిన్నప్పుడు అరుగు మీద గచ్చకాయలు ఆడిన ఆడపిల్లలందరికీ అది ఉంది. ఒక కాయ పైకి వేసి, అది దిగేలోపు కింద ఉన్న నాలుగూ ఊడ్చి, దాన్ని పట్టుకున్న చేతులే ఇవి.

బంతులు నేనే కుట్టుకుంటాను. జాకెట్ల లైనింగ్ కత్తిరించగా మిగిలిన ముక్కలు, లోపల పెసలు. పోయినేడు వాయుగుండం పట్టిన రోజు వానలో తడుస్తూ వచ్చి, బంతుల సంచి తలుపు వెనక కొక్కేనికి తగిలించి మరిచిపోయాను. మూడో రోజు గదిలో ఏదో వాసన. చూస్తే కుట్ల సందుల్లోంచి తెల్లగా మొలకలు! మా అత్తగారు వచ్చి ఒక బంతి చేతిలోకి తీసుకుని, వేలితో నొక్కి, “రేపు పెసరట్టుకి రుబ్బుదామా అమ్మాయ్?” అన్నారు. ఇప్పుడు పాలిథిన్ సంచిలో ఆవాలు పోసి, దాని మీద రెండు పొరల గుడ్డ వేసి కుడుతున్నాను. మన ఉక్కపోతకు, చేతి చెమటకు అదే ఆగింది.

ఇది నాకు పుట్టిన పిచ్చి కూడా కాదు. 1980 నుంచే అంతర్జాతీయ జగ్లర్ల సంఘం వాళ్లు దీనికి పోటీలు పెడుతున్నారు. 1989లో ఓవెన్ మోర్స్ మూడు వస్తువులు ఎగరేస్తూ వంద మీటర్లు 11.68 సెకన్లలో పరిగెత్తాడు. 2007లో కెనడాకు చెందిన మికల్ కాప్రల్ టొరంటోలో పూర్తి మారథాన్ 2 గంటల 50 నిమిషాల 12 సెకన్లలో ముగించాడు, అదీ మూడు బంతులతో. బంతి పడితే పడిన చోటికే వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలన్నది ఆ పోటీల నియమం. నేనూ అదే పాటిస్తాను, గట్టు మీద నన్ను చూసేవాళ్లు గేదెలు తప్ప ఎవరూ లేకపోయినా.

సరే, వినోదం సంగతికి వద్దాం.

ఆ రోజు మైకు పెద్దమనిషి పక్కనే ఉన్న ఇంకొకాయన గొంతు తగ్గించి “పరుగులో ఈ దొమ్మరాట ఎందుకండీ” అన్నారు. నాకు వినపడాలనే అన్నారు. ఊరూరా తిరిగి, ఆకాశంలో తాడు కట్టి దాని మీద నడిచి పొట్టపోసుకున్న మనుషుల విద్య మన నోట తిట్టుగా ఎప్పుడు మారిందో గాని, ఆ మాట అనేవాళ్లలో నేల మీద గీత గీస్తే దాని మీద తిన్నగా నడవగలిగేవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. నన్ను అన్నందుకు కాదు, వాళ్లను అన్నందుకు కోపం వచ్చింది.

నలుగురి ముందూ ఒక విద్య చూపించి, వాళ్ల చేత పదిమంది కోసం ఇంత ఇప్పించడం మనకు కొత్తా? సంక్రాంతి నెలంతా మన వాకిళ్లలోకి వచ్చే హరిదాసు ఏం చేస్తాడు? నెత్తిన అక్షయపాత్ర, ఒక చేతిలో చిడతలు, భుజాన తంబురా, నోట కీర్తన, ఆగని నడక. ఇంటికి చేరేదాకా ఆ పాత్ర కింద పెట్టడు. పిల్లలు బియ్యం పోయడానికి వస్తే మోకాళ్ల మీద వంగుతాడు, పాత్ర మాత్రం ఒరగదు. నా మూడు బంతులకంటే అది కష్టం, నేను ఇంట్లో చెంబుతో ప్రయత్నించాను. ఆయన్ని “ఆ పాత్ర దించి మర్యాదగా అడుక్కో” అని ఎవరైనా అంటారా?

విదేశాల్లోనూ ఇదే దారి. 2002 లండన్ మారథాన్‌లో లాయిడ్ స్కాట్ అనే ఆయన పాతకాలంలో సముద్రం అడుగుకు దిగేవాళ్లు వేసుకునే దుస్తులు, లోహపు టోపీ, సీసపు బూట్లు, అన్నీ కలిపి యాభై కిలోల పైచిలుకు బరువు వేసుకుని నడిచాడు. పూర్తి చేయడానికి ఐదు రోజులు దాటింది. ఆయన ఒకప్పుడు రక్తక్యాన్సర్ నుంచి బయటపడ్డ మనిషి. క్యాన్సర్ పిల్లల కోసం డబ్బు పోగుచేస్తూ ఆ వేషం కట్టాడు. గుంపులో మామూలు బూట్లతో నడిచి ఉంటే ఆయన గురించి పాలకొల్లు పక్క ఊళ్లో దర్జీ పని చేసుకునే నాకు తెలిసేదా?

వేషం తప్పు కాదు. వేషం ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందన్నదే నా గొడవ.

ఆ పరుగుకు నేను కట్టిన రుసుము ఐదు వందలు. నాకిచ్చిన టీషర్టు వృత్తిరీత్యా తిరగేసి చూశాను. గుడ్డ, కుట్టు, ముందూ వెనకా అచ్చు కలిపి ఎంత తక్కువ వేసినా నూట యాభై. పతకం, దాని పెట్టె, వేదిక, మైకులు, పూలగుత్తులు, నిలువెత్తు ఫ్లెక్సీలు. పిల్లల దాకా ఎంత చేరిందని తర్వాత ఫోను చేసి అడిగాను. “చూసి చెబుతామండి” అన్నారు. ఆ తర్వాత మళ్లీ రెండుసార్లు చేశాను. ఇంకా చూస్తున్నారు.

టెర్రీ ఫాక్స్ పేరు వినే ఉంటారు. క్యాన్సర్‌కు కాలు పోగొట్టుకుని, కట్టుడు కాలితో 1980లో కెనడా అడ్డంగా పరుగు మొదలుపెట్టి, 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పూర్తిచేసి, జబ్బు ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోయిన కుర్రాడు. మరుసటి ఏడాదే పోయాడు. ఆయన పేరు మీద జరిగే పరుగుల్లో రుసుము ఉండదు, బహుమతులు ఉండవు. ఎవరికి తోచింది వాళ్లు ఇస్తారు. మన దగ్గర శాలువాకు బడ్జెట్టు ఉంటుంది, బంతులకు మాత్రం గంభీరత అడ్డం వస్తుంది.

నా వైపు తప్పు లేదని అనను. అంతకుముందు ఒక పరుగులో మొదటి వరుసలో నిలబడ్డాను. బంతి జారి ఒక కుర్రాడి కాళ్ల మధ్యకు దొర్లింది. వాడు తూలి మోచెయ్యి గీరుకున్నాడు. వాళ్ల అమ్మ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. కాబట్టి చివరి వరుసలో నిలబెట్టండి, ఒప్పుకుంటాను. ఇరుకు సందుల్లో బంతులు పట్టుకుని పరిగెత్తమనండి, అదీ ఒప్పుకుంటాను. బ్యాగులో పెట్టమని ఎందుకన్నారో అదే అర్థం కాలేదు, పరుగయ్యాక వేదిక ముందు నిలబెట్టి “ఒకసారి ఎగరేయండి మేడమ్, పేపరుకు ఫొటో కావాలి” అన్నది కూడా వాళ్లే కనుక.

ఎగరేయలేదు. చేతులు నొప్పిగా ఉన్నాయని చెప్పాను. అబద్ధమే.

అప్పటి నుంచి పెద్ద పరుగులకు పోవడం మానేసి ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాను. మా లాకుల దగ్గర టీ కొట్టు నుంచి పై వంతెన దాకా వెళ్లి వస్తే ఐదు కిలోమీటర్లు. కొట్టు బల్ల మీద మూత పెట్టిన హార్లిక్స్ సీసా, మూతకు చిల్లు. బంతి ఎన్నిసార్లు పడుతుందో ముందుగా చెప్పాలి. తప్పు చెప్పినవాళ్లు ఇరవై రూపాయలు సీసాలో వేయాలి. సరిగ్గా చెప్పినవాళ్ల టీ నా ఖాతాలో. పందెం అంటే మన గోదావరి జిల్లాల్లో చెయ్యి దానంతట అదే జేబులోకి వెళుతుంది కదా. పుంజుల మీద పెట్టే డబ్బులో ఇదెంత? మా ఆయనకు ఇది నచ్చలేదు. “పుణ్యానికి కూడా పందెమేనా” అంటారు. ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. అయితే నాలుగు నెలల్లో ఆ సీసా నుంచి పదకొండు వేల చిల్లర వచ్చింది. రక్తనిధిలో పిల్లల తరఫున కట్టి, రసీదులు కొట్టు గోడకు అంటించాం. టీషర్టు ఎవరికీ ఇవ్వలేదు. నా దుకాణానికి జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు కూడా ఇప్పుడు ముందు “ఈ వారం ఎన్ని పడ్డాయి?” అని అడుగుతున్నారు.

లెక్క రాసేది టీ కొట్టు బాబాయి. నేను వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వెనక సైకిలు మీద మనవడిని పంపిస్తాడు. మొన్న ఆదివారం గొడవ అయింది. నా లెక్కకు తొమ్మిది. మనవడి లెక్కకు పది. ఒక బంతి గట్టు దిగి కాలువలో గుర్రపుడెక్క మీద పడింది. నేల తాకలేదు, తడవలేదు, పచ్చగా ఆకుల మీద కూర్చుంది. వాడే దిగి తెచ్చిచ్చాడు.

“నేల మీద పడితేనే కదా పడినట్టు, బాబాయ్” అన్నాను.

“గుర్రపుడెక్క ఉన్నది ఆకాశంలోనా అమ్మా?” అన్నాడాయన, పది అని రాసుకుంటూ.